లెక్క ఎనిమిది నాట్స్ మీదే వేసుకోండి

మొన్న ఒక తమ్ముడు, పాత ఆఫీసులో నా జూనియర్, ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటర్ బోటు కొనుక్కున్నాడు, ఎక్సెల్ షీట్ ఒకటి పంపించి "అన్నా, వారం రోజులు తీరం వెంబడి తిరిగొద్దామని ప్లాన్ వేశా, చూసి ఏమన్నా తేడా ఉంటే చెప్పు" అన్నాడు. షీట్ చాలా నీట్‌గా ఉంది. ఏడు వరసలు, ఏడు హార్బర్లు, రోజుకి 50 నుంచి 60 నాటికల్ మైళ్ళు (సముద్రం మీద మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). స్పీడ్ అన్న కాలమ్‌లో పైనుంచి కిందదాకా 20 నాట్స్, అంటే గంటకి 20 నాటికల్ మైళ్ళు. రోజూ పదకొండింటికి బయల్దేరడం, రెండు దాటేసరికి తర్వాతి ఊళ్ళో ఉండటం. ఏడో రోజు సాయంత్రానికి ఇల్లు, సోమవారం పొద్దున ఆఫీసు. వరసలకి రంగులు కూడా వేశాడు.

కూడికలు తీసివేతలు అన్నీ కరెక్టే. "ఆ 20 తీసేసి 8 పెట్టి చూడు" అన్నాను. పెట్టాడు. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "అలా అయితే ఇంక ట్రిప్పే లేదు కదన్నా" అన్నాడు. ఇరవై కొట్టే బోటు పెట్టుకుని ఎనిమిది మీద లెక్కేంటి, అంత డబ్బు పోసి ఆ ఇంజన్లు కొన్నది ఎందుకు అని వాడి బాధ. న్యాయమైన బాధే. ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను అనేది ఇంతే. బోటు ఎంత స్పీడుదైనా సరే, వారం రోజుల ట్రిప్పులో ప్రతి రోజు దూరాన్నీ ఏడెనిమిది నాట్స్‌లో పోతున్నట్టే లెక్క వేసుకోవాలి. అలా వేసినా వెలుతురు ఉండగానే, గాలి ముదరకముందే చేరగలం అనిపిస్తే వెళ్ళాలి, లేకపోతే ఆ దూరం మన ప్లాన్‌లో ఉండకూడదు. సముద్రం బాగుండి ఇరవై కొట్టగలిగితే కొట్టండి, ఎవరూ వద్దనరు, కానీ దాన్ని బోనస్ కింద రాసుకోండి, జీతం కింద రాసుకోవద్దు.

ఇరవైకీ ఎనిమిదికీ మధ్య ఏముంది

ఈ ఎనిమిది నేను గాల్లోంచి తీసుకురాలేదు. బోటు నీళ్ళలో ఆనే పొడవుని అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే బోటు నీళ్ళని పక్కకి నెట్టుకుంటూ హాయిగా పోగలిగే గరిష్ఠ వేగం నాట్స్‌లో వస్తుంది, బోటుల గురించి కొంచెం చదివిన ఎవరికైనా తెలిసిన సూత్రమే. 36 అడుగులైతే ఆరుని 1.34తో గుణించాలి, ఎనిమిది చిల్లర. దాన్ని దాటాలంటే బోటు తను లేపిన అలని తనే ఎక్కి నీళ్ళ మీద జారాలి, దానికే ఆ పెద్ద ఇంజన్లు. ఇక మధ్యలో ఉండే పది, పన్నెండు, పద్నాలుగు అనే స్పీడ్లలో బోటు ముక్కు పైకి లేచి, వెనక భాగం కుంగిపోయి, ముందున్నది కనబడక, వెనక పెద్ద అల ఈడ్చుకుంటూ పోతుంది. డీజిల్ కూడా మైలుకి ఇరవైలో అయ్యేదానికంటే తక్కువేమీ అవ్వదు. కాబట్టి ఇలాంటి బోటుకి ఆచరణలో ఉన్న స్పీడ్లు రెండే, ఏడెనిమిది, లేదంటే పద్దెనిమిది పైన.

తమ్ముడి షీట్‌లో కనబడనిది ఇదే. సముద్రం కొంచెం లేస్తే ఇరవై కాస్తా పదిహేడు అవుతుంది, ఇంకొంచెం లేస్తే పద్నాలుగు అవుతుంది, గంట లేటవుతాం అంతే కదా అనుకుంటాం. అలా మెట్లు మెట్లుగా దిగదు అది. ఒక స్థాయి దాటాక జారే స్పీడులో ఉండలేం, సరాసరి ఎనిమిదికి పడిపోతాం. మూడు గంటల ప్రయాణం ఒక్కసారిగా ఏడు గంటలు అయిపోతుంది, అదీ దారి మధ్యలో ఉండగా, అదీ అల పెరుగుతున్నప్పుడు.

మా బావ బోటులో ఇది దగ్గర్నుంచి చూశాను. మధ్యాహ్నం బయల్దేరాం, నలభై చిల్లర మైళ్ళు, రెండు గంటల్లో చేరిపోతాం అని అందరం పైనే కూర్చున్నాం. ఒక కొండకొమ్ము దాటగానే ఎదురుగాలి. అల ఎత్తు నాకు పెద్దదేం అనిపించలేదు, మీటరు పైన ఉంటుందేమో, కానీ ఒకదాని వెనకే ఒకటి గ్యాప్ లేకుండా వస్తున్నాయి. బోటు ఒక అల మీంచి ఎగిరి తర్వాతి దాని మీద పడినప్పుడల్లా కొబ్బరికాయని బండకేసి కొట్టినట్టు చప్పుడు. ఫ్రిజ్ తలుపు దానంతటదే తెరుచుకుని లోపలున్నవన్నీ కేబిన్ నేల మీద దొర్లుతున్నాయి, మా మేనల్లుడు బకెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "బావా, కొంచెం తగ్గించు" అంటే, "తగ్గిస్తే ముక్కు లేస్తుంది, ఇంకా అధ్వాన్నం, తగ్గిస్తే పూర్తిగా తగ్గించాలి" అన్నాడు. చివరికి పూర్తిగానే తగ్గించాడు. ఏడు నాట్స్. చప్పుడు ఆగిపోయింది, బోటు అలలతో పాటు లేచి దిగుతోంది, భరించొచ్చు. ప్లాటర్ మీద, అంటే మ్యాపు మీద బోటు ఎక్కడుందో చూపించే స్క్రీన్ మీద, చేరే టైము మాత్రం మేం చూస్తుండగానే నాలుగు నుంచి ఎనిమిది దాటేసింది.

ఎనిమిది అంటే చీకటి. సమస్య అలతో అయిపోలేదన్నమాట. తెలియని హార్బర్లోకి చీకట్లో దూరాలి, నీళ్ళ మీద వలల తాలూకు తేలే బంతులు కనబడవు, దారి చూపించే ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం ఊళ్ళో షాపుల లైట్లలో కలిసిపోతాయి, అప్పటికే అందరూ అలిసిపోయి ఉంటారు. స్క్రీన్ ఉంది కదా అంటారు. 2014 నవంబర్ 29న ప్రపంచం చుట్టూ తిరిగే వోల్వో ఓషన్ రేసులో వెస్టాస్ విండ్ అనే బోటు హిందూ మహాసముద్రంలో, చార్టుల (సముద్రపు మ్యాపుల) మీద ఎప్పటినుంచో ఉన్న పగడపు దిబ్బ మీదకే రాత్రిపూట ఎక్కేసింది. వాళ్ళు ప్రొఫెషనల్స్, ఎలక్ట్రానిక్స్ అన్నీ ఉన్నాయి, కానీ స్క్రీన్‌లో జూమ్ తగినంత లోపలికి వెళ్ళి చూడకపోతే ఆ దిబ్బ ప్రమాదంగా కనబడలేదు. మనుషులంతా బతికి బయటపడ్డారు. అలిసిపోయిన కుటుంబం ఒకటి, కొత్త హార్బరు, రాత్రి తొమ్మిది, ఎవరు ఏ జూమ్‌లో చూస్తున్నారో ఎవరికి గుర్తుంటుంది?

పదకొండింటికి బయల్దేరడం గురించి

షీట్‌లో నాకు దూరాలకన్నా భయం వేసింది ఆ పదకొండు గంటలు చూసి. ఎండ ఉన్న రోజుల్లో తీరం దగ్గర గాలి ఎలా ఉంటుందో తెలిసిందే, పొద్దున్నే అద్దంలా ఉంటుంది, నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి మొదలై మధ్యాహ్నానికి ముదిరి, పొద్దు వాలాక చల్లారుతుంది. పదకొండు నుంచి రెండు అంటే సరిగ్గా దానికి ఎదురెళ్ళడమే. ఐదున్నరకి లేచి ఆరింటికి తాడు విప్పితే ఎనిమిది నాట్స్‌లో కూడా పదకొండుకల్లా 40 మైళ్ళు అయిపోతాయి. వాడు బయల్దేరే టైముకి మనం చేరిపోయి తాడు కడుతుంటాం. సెలవుల్లో ఐదున్నరకి లేవడం ఏంటి అంటారా, అది మాత్రం నేను ఒప్పుకుంటా, మా చెల్లి ఇప్పటికీ ఈ విషయంలో నన్ను క్షమించలేదు.

ఫోర్‌కాస్ట్ చదవడంలో కూడా ఇరవై వాళ్ళు ఒకలా, ఎనిమిది వాళ్ళు ఒకలా చదువుతారు అనిపిస్తుంది నాకు. అల ఎత్తు 1.5 మీటర్లు అని రాస్తే అది అన్నిటికంటే పెద్ద అల ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటికి వేసిన సగటు. అడపాదడపా దానికి రెట్టింపు, అంటే మూడు మీటర్లది కూడా వస్తుంది. గాలి అంకె కూడా సగటే, విసుర్లు దానికి పైన. రెండు గంటలే కదా అనుకునేవాడు ఈ అంకెలని ఉన్నవున్నట్టు తీసుకుంటాడు, ఏడు గంటలు బయట ఉండాల్సి రావచ్చు అనుకునేవాడు వాటికి ఇంకొంచెం కలుపుకుంటాడు.

ఇంకొక మాయ ఉంది. గాలి వెనక నుంచి 15 నాట్స్ వీస్తుంటే, మనం అదే దిక్కుకి 15లో పోతుంటే డెక్ మీద గాలే ఉండదు, అగ్గిపుల్ల వెలిగించొచ్చు. ఎంత బాగుందో వాతావరణం అనుకుంటూ రెండు హార్బర్లు దాటేస్తాం. ఏదో కారణానికి వెనక్కి తిప్పితే అదే గాలి మొహాన 30 కొడుతుంది, అప్పుడుగానీ అది ఎంత పెద్ద గాలో అర్థం కాదు. వారం ట్రిప్పులో పోయిన దారినే తిరిగి రావాలి కాబట్టి పోయేటప్పుడు హాయిగా ఉన్న ప్రతి మైలూ నాకు కాస్త అనుమానంగానే ఉంటుంది.

వారం అనేది క్యాలెండర్ది

ఏడు రోజులు అనేది ఆఫీసు ఇచ్చిన లెక్క. ఆటుపోట్ల లెక్క వేరు. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే పోటు రోజుకి 50 నిమిషాలు లేటవుతుంది. ఏడు రోజుల్లో 350 నిమిషాలు, దాదాపు ఆరు గంటలు. ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి పోటు నిండుగా ఉండి ఇసుక మేట మీంచి దర్జాగా బయటికి వచ్చామనుకోండి, వచ్చే శనివారం అదే ఎనిమిదింటికి అక్కడికి వస్తే ఆటు పూర్తిగా తీసేసి ఉంటుంది, మేట బయటపడినా ఆశ్చర్యం లేదు. దానికి తోడు పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటుపోట్ల తేడా ఎక్కువ, వారానికి అష్టమి దగ్గర పడేసరికి తక్కువ, కాబట్టి బయల్దేరిన రోజు చూసిన లోతు, తిరిగొచ్చే రోజు లోతు రెండూ వేర్వేరు. రోజూ పదకొండు, రోజూ రెండు అని రాసుకున్న షీట్‌లో ఇది ఎక్కడ పడుతుంది?

లోతు ఒక్కటే అయితే ఆగి వెయిట్ చేస్తే సరిపోతుంది. నది మొగల దగ్గర ఆటు బయటికి లాగుతుండగా బయట నుంచి అల లోపలికి వస్తుంటే రెండూ ఢీకొని, అల పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. గాలి మారలేదు, ఫోర్‌కాస్ట్ మారలేదు, నీళ్ళు మాత్రం దిక్కు మార్చుకున్నాయి, అంతే, గంట క్రితం ప్రశాంతంగా ఉన్న చోటు ఇప్పుడు వేరేలా ఉంటుంది. ఇది తెలిసినవాడు టైముని పోటు బట్టి పెట్టుకుంటాడు, అలా పెట్టుకోవాలంటే చేతిలో కొన్ని గంటలు వదులుగా ఉండాలి, ఇరవై మీద బిగించి వేసిన ప్లాన్‌లో అవి ఉండవు.

సముద్రంలో ఢీకొనకుండా ఉండటానికి 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో రూల్ 6 సురక్షిత వేగం గురించే. ఏం చూసి వేగం నిర్ణయించుకోవాలో వరసగా చెబుతుంది: ఎంత దూరం కనబడుతోంది, చుట్టూ ఎన్ని పడవలున్నాయి, మన బోటు ఎంతలో ఆగుతుంది, ఎంతలో తిరుగుతుంది, రాత్రయితే ఒడ్డు మీద లైట్ల వెలుతురు, గాలి, అల, ప్రవాహం, లోతు. ఆ లిస్టులో సోమవారం ఆఫీసు లేదు.

మరి స్పీడే కదా రక్షణ

తమ్ముడు ఊరుకోలేదు. "అన్నా, నువ్వు చెప్పేది రివర్స్‌లో కూడా చెప్పొచ్చు కదా. వాతావరణం మూడు గంటలు బాగుంటుంది అన్నప్పుడు నేను ఆ మూడు గంటల్లో 60 మైళ్ళు దాటేస్తా, నువ్వు 24 దగ్గర ఉంటావ్, మిగతాది గాలిలో పోతావ్" అన్నాడు. ఈ మాట చాలా బలమైనది, నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. నిజంగానే వేగం కొన్నిసార్లు కాపాడుతుంది. ఉరుముల మబ్బు ఒకటి తీరం మీంచి వస్తుంటే దానికి ముందే హార్బర్లోకి దూరిపోయిన సందర్భం నాకూ ఉంది, ఎనిమిది మాత్రమే పోయే బోటయితే తడిసేవాళ్ళమే.

కానీ తేడా చూడండి. ఆ రోజు స్పీడు చేతిలో ఉంది, వాడుకున్నాం. దాని మీద ప్లాన్ కట్టలేదు. 60 మైళ్ళు మూడు గంటల్లో అని కట్టినవాడికి 20వ మైలు దగ్గర అల లేస్తే ముందు 40, వెనక 20, చేతిలో ఉన్నది ఎనిమిది నాట్స్. స్పీడు అనే ఆయుధం అవసరం పడ్డ క్షణంలోనే చేతిలోంచి జారిపోతుంది, అది నాకు నచ్చదు. 24 మైళ్ళే ప్లాన్‌లో ఉండి, ఇరవై కొట్టగలిగే బోటు ఉంటే, ఆ స్పీడు మొత్తం రిజర్వ్‌లో ఉన్నట్టు. తమ్ముడు దీనికి "అది నిజమేలే" అన్నాడు గానీ గొంతులో నమ్మకం లేదు.

మా బావ చెప్పే అభ్యంతరం వేరు, అది ఇంజన్ తరఫున. ఇరవై కోసం చేసిన టర్బో డీజిల్‌ని రోజంతా పొయ్యి మీద సిమ్‌లో పెట్టినట్టు నడిపితే మసి పడుతుంది, వేడెక్కాల్సినంత వేడెక్కదు అంటాడు. అదీ నిజమే. అందుకే రోజు చివర్లో ఒక పావుగంట లోడ్ మీద పెట్టి లాగిస్తాడు, కొంతమంది మెకానిక్కులు కూడా అదే చెప్తారు. ఇంకొకటి, జారడానికి చేసిన అడుగు భాగం మెల్లగా పోయేటప్పుడు తిన్నగా పోదు, అటూ ఇటూ తిరుగుతుంటుంది, స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి విసుగు. పక్క నుంచి అల వస్తే ఊపు కూడా ఎక్కువే, సెయిల్ బోటుకి కింద కీల్ అనే బరువైన రెక్క, పైన తెరచాప ఉండి నిలబెడతాయి, మనకి ఆ రెండూ లేవు. ఇవన్నీ ఒప్పుకున్నాకే చెబుతున్నా. నేను రోజంతా ఎనిమిదిలోనే పొమ్మనడం లేదు, ఎనిమిది మీద లెక్క వేయమంటున్నా.

డీజిల్ లెక్క ఒకటి చెప్పి వదిలేస్తా. డీజిల్ ఇంజన్ ఒక హార్స్‌పవర్ గంటసేపు ఇవ్వడానికి 0.2 లీటర్ల చుట్టూ తాగుతుంది. ఇరవైలో పోవడానికి రెండు ఇంజన్లూ కలిపి 400 హార్స్‌పవర్ ఇస్తుంటే గంటకి 80 లీటర్లు, అంటే మైలుకి 4. అదే బోటుని ఏడులో నడపడానికి 40 హార్స్‌పవర్ చాలు అనుకుంటే గంటకి 8, మైలుకి లీటరు పైన కొద్దిగా. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఇంకో మూడో వంతు ముట్టుకోకుండా ఉంచాలి అనే పాత పద్ధతి మెల్లగా పోయేవాళ్ళకి పెద్ద కష్టం కాదు. ఇరవైలో పోయేవాడు ఆ మూడో వంతుని ఎప్పుడో ఒకసారి ముట్టుకుంటాడు.

ఫిల్టర్

డీజిల్ అంటే గుర్తొచ్చింది, ట్యాంకు అడుగున ఎప్పుడూ కాస్త నీరు చేరుతుంది, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, మడ్డి కడుతుంది. హార్బర్లో కట్టి ఉన్నంతకాలం అది అడుగునే పడుకుని ఉంటుంది. అలలో బోటు ఎగిరెగిరి పడితే మొత్తం లేస్తుంది, లేచి ఫిల్టర్లో కూరుకుంటుంది. ఇంజన్ ఆగేది కూడా సరిగ్గా ఆగకూడని టైములోనే. దురదృష్టం అని కొందరు అంటారు గానీ కారణం ఇది.

ముందు చెప్పిన ఆ రోజే, ఏడుకి తగ్గించిన కాసేపటికి కుడివైపు ఇంజన్ ఆర్‌పీఎం తగ్గుతూ పెరుగుతూ మూలగడం మొదలెట్టింది. బావ స్టీరింగ్ నాకు ఇచ్చి కిందకి దిగాడు. ఇంజన్ గదిలో నిలబడటానికి ఉండదు, బోర్లా పడుకోవాలి, ఒక మోచెయ్యి ఇంజన్ వేడికి కాలకుండా చూసుకుంటూ నోట్లో టార్చి. ఫిల్టర్ కింద గాజు గిన్నె ఉంటుంది, అందులో డీజిల్ తేటగా కనబడాలి. నల్లటి జిగురు ముద్దలు తేలుతున్నాయి, అడుగున వేలెడు నీళ్ళు. గిన్నె విప్పి, డబ్బాలోకి వంచి, కొత్త ఫిల్టర్ వేసి, పంపు నొక్కుతూ గాలి తీసి మళ్ళీ స్టార్ట్ చేయడానికి ఇరవై నిమిషాలు పైనే పట్టింది. రెండో ఇంజన్ ఉంది కాబట్టి, తీరం మీదకి నెట్టే గాలి కాదు కాబట్టి అది ఇరవై నిమిషాల పనిలా అయిపోయింది. స్పేర్ ఫిల్టర్లు నాలుగు ఉన్నాయి బోటులో, రెండు వాడాం. బావ పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ "ఇది ఇరవైలో ఉన్నప్పుడు ఆగుంటే ఇంకా దూరం వెళ్ళిపోయి ఉండేవాళ్ళం" అన్నాడు, అది ఎవరి వాదనకి సపోర్టో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆగిపోయిన రోజు ఎలా ఉంటుంది

మెల్లగా పొండి, ఒక రోజు ఆగండి అని చెప్పేవాళ్ళు ఆ ఆగిన రోజుని తెగ అందంగా వర్ణిస్తారు. నాకు అలాంటి అనుభవం లేదు. గాలికి ఆగిపోయిన రోజు చాలా బోరు. వాన, కిటికీలన్నీ మూసేసి ఉంటాయి, తడిసిన టవళ్ళు ఎక్కడా ఆరవు, అందరి ఒంటి మీదా ఆ వాసనే. పక్క బోటుకి కట్టిన తాడు రాత్రంతా కిర్రుమంటుంది. చిన్న జాగాలో ఆరుగురు, మధ్యాహ్నానికి మా చెల్లీ బావా వాటర్ ట్యాంకు ఎవరు ఖాళీ చేశారన్న దాని మీద గట్టిగా పోట్లాడుకున్నారు, నేను గొడుగు పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. మేనల్లుడు ఒక్కడే సంతోషంగా ఉన్నాడు, వాడికి ఊగడం ఆగింది అంతే.

అయినా ఆగాల్సిందే. బోరు కొట్టింది కాబట్టి ఆగడం తప్పు అనిపించే అవకాశం ఉంది, మధ్యాహ్నం కాస్త ఎండ రాగానే "తగ్గినట్టుంది, పోదామా" అని ఎవరో ఒకరు అంటారు, హార్బర్ లోపల నుంచి చూస్తే ఎప్పుడూ తగ్గినట్టే ఉంటుంది. ఎలాగైనా చేరాలి అన్న జబ్బు పుట్టేది అప్పుడే. ప్లాన్‌లో ఆ రోజుకి ముందే చోటు ఉంటే ఎవరూ అడగరు. అందుకే ఏడు రోజుల్లో రెండు రోజులు ఖాళీగా రాసుకోవాలి అంటాను. వాడితే వాడతాం, లేకపోతే ఇంకో మంచి చోట లంగరు వేసుకుని పడుకుంటాం.

మొదటి రోజు కూడా 15 మైళ్ళు మించకూడదు. కడుపులో తిప్పడం అలవాటు పడటానికి చాలామందికి రెండు మూడు రోజులు పడుతుంది, మొదటి రోజే 60 మైళ్ళు ఎగరేసి తీసుకెళ్తే ఆ మనిషి మిగతా వారమంతా బోటుని చూస్తేనే భయపడతాడు. పిల్లలైతే జన్మలో రారు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఎంత? మొదటి రోజు 15, రెండు రోజులు ఖాళీ, మిగతా నాలుగు రోజులు ఐదేసి గంటలు ఎనిమిదిలో అంటే నలభై చొప్పున 160. మొత్తం 175, రావడం కూడా అందులోనే. అంటే ఇంటి నుంచి ఎనభై, తొంభై మైళ్ళకి మించి పోకూడదు. షీట్‌లో 380 ఉంది. సగానికంటే తక్కువ. బాధగానే ఉంటుంది, నాకూ ఉండేది. కాకపోతే 380 మైళ్ళ ప్లాన్‌లో హార్బర్ నుంచి హార్బర్‌కి దూకడమే, మధ్యలో ఉన్న చిన్న చిన్న ఏటి పాయలు, గాలి తగలని మూలలు అన్నీ అద్దంలోంచి వెనక్కి పోతుంటాయి. లంగరు వేసే చోటుని చూడటానికే ఓపిక ఉండదు. లంగరుకి కూడా తీరిక కావాలి. లోతు 5 మీటర్లు, పోటుకి ఇంకో 3 పెరుగుతుంది, బోటు ముక్కు నీళ్ళకి ఒకటిన్నర పైన, మొత్తం తొమ్మిదిన్నర, దానికి ఐదు రెట్లు గొలుసు అంటే దగ్గరదగ్గర 48 మీటర్లు వదలాలి, వెనక్కి లాగి పట్టిందో లేదో చూడాలి, చుట్టూ తిరగడానికి జాగా ఉందో లేదో చూడాలి. పక్కన సెయిల్ బోటు ఉంటే అది ప్రవాహాన్ని బట్టి తిరుగుతుంది, మనది గాలిని బట్టి తిరుగుతుంది, రాత్రి రెండింటికి రెండూ ముద్దుపెట్టుకుంటాయి. ఇవన్నీ చీకటి పడుతుంటే కంగారుగా చేసే పనులు కావు.

తిరిగి రావాల్సిన రోజు

చివరి రోజు గురించి నేను ఇచ్చే సలహా ఎవరికీ నచ్చదు. తిరిగొచ్చే దారిలో ఉన్న ఒకటో రెండో హార్బర్లకి ముందే ఫోన్ చేసి, అవసరమైతే బోటు వారం పది రోజులు వదిలేయొచ్చా, కరెంటు ఇస్తారా, అక్కడి నుంచి బస్సు ఉందా అని కనుక్కుని పెట్టుకోండి. ఆదివారం గాలి ఉంటే బోటు అక్కడే కట్టేసి బస్సెక్కేయండి. లైఫ్ జాకెట్ల సంచి, తడి బట్టలతో బస్సెక్కడం నామోషీగా ఉంటుంది, కండక్టర్ ఒకలా చూస్తాడు. మా బావ మొదట్లో ససేమిరా అన్నాడు, సొంత బోటుని పరాయి ఊళ్ళో వదిలి రావడం అంటే ఓడిపోయినట్టే ఆయనకి. ఒకసారి చేశాక ఇప్పుడు ఆయనే అందరికీ చెబుతున్నాడు. తర్వాతి వారం వెళ్ళి తెచ్చుకున్నాడు, సముద్రం పలకలా ఉందట, ఇరవై రెండు కొట్టాడట, ఫోన్ చేసి మరీ వినిపించాడు ఇంజన్ సౌండు.

వదిలేసి వచ్చేముందు మాత్రం కొన్ని చూసుకోవాలి. టాయిలెట్‌కీ ఇంజన్‌కీ నీళ్ళు లోపలికి వచ్చే వాల్వులన్నీ మూసి, తాళం చెవి దగ్గర చీటీ కట్టండి, మళ్ళీ వచ్చి వాల్వు తెరవకుండా స్టార్ట్ చేస్తే నీళ్ళ పంపులో రబ్బరు రెక్కలు నిమిషాల్లో పోతాయి. అడుగున చేరిన నీటిని తోడే పంపు ఆటోమేటిక్‌లో ఉందా, బ్యాటరీ నిండుగా ఉందా చూడండి. కదలని గట్టుకి కడుతుంటే తాళ్ళు ఆటుపోట్లకి తగినంత పొడవుగా వదలండి, లేకపోతే ఆటుకి బోటు తాళ్ళ మీద వేలాడుతుంది. గ్యాస్‌ని సిలిండర్ దగ్గరే ఆపేయండి. హార్బర్ ఆఫీసులో మీ నంబర్ ఒక్కటే ఇవ్వకండి, ఇంట్లో ఇంకొకరిది కూడా ఇవ్వండి, మీరు మీటింగులో ఉండి ఫోన్ ఎత్తకపోవచ్చు.